మన్ఫీ సంఖ్యకు జజర్ ఉంటుందా?

ఖాందాన్ వాట్సప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ మళ్ళీ మళ్ళీ తిరుగుతూ ఉంటుంది. "కంప్యూటర్‌ను కనిపెట్టింది మన అల్ ఖ్వారిజ్మీ" అని. కింద వరసగా మాషా అల్లాహ్‌లు. అదే గ్రూపులో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే వాళ్ళు మాత్రం ఏమీ అనరు. పెద్దల ముందు కాదనలేరు, అవుననడానికి మనసొప్పదు.

ఆ ఫార్వర్డ్ నిజం కాదు. ఖ్వారిజ్మీ కంప్యూటర్‌ను కనిపెట్టలేదు. కానీ అసలు జరిగిన సంగతి ఆ గొప్పకన్నా బాగుంటుంది. అందులో మన వాటా ఎంతో అంత చెప్పుకుంటే పిల్లల ముందు తల దించుకునే పని ఉండదు. ఆ సంగతికి నేను ఎంచుకున్న దారి ఒక చిన్న సవాల్: మన్ఫీ సంఖ్యకు, అంటే రుణ సంఖ్యకు, జజర్ ఉంటుందా?

జజర్ అంటే వర్గమూలం. ఉర్దూ మీడియంలో చదువుకున్న నాలాంటివాళ్ళకు మొదట వచ్చిన మాట అదే. 9కి జజర్ 3. 3ని 3తో గుణిస్తే 9. మరి −9కి? 3ని 3తో గుణించినా 9, −3ని −3తో గుణించినా 9. మన్ఫీ ఎక్కడా రాదు. మా క్లాసులో "నాముమ్కిన్" అని రాసి ముందుకు పోయేవాళ్ళం.

ఇప్పుడు ఇదే సవాల్‌ను కంప్యూటర్‌ను అడగండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లెక్కల ఫంక్షన్లకు రెండు లైబ్రరీలున్నాయి. ఒకదాని పేరు మ్యాత్, రెండోదాని పేరు సీమ్యాత్. మ్యాత్‌లోని వర్గమూలం ఫంక్షన్‌కు −1 ఇస్తే అది జవాబివ్వదు. 'వాల్యూ ఎర్రర్' అని తిప్పి పంపేస్తుంది. అదే −1ని సీమ్యాత్‌లోని వర్గమూలం ఫంక్షన్‌కు ఇస్తే నిమ్మళంగా '1జె' అని రాస్తుంది. సవాల్ ఒకటే, యంత్రమూ ఒకటే. ఒక తలుపు దగ్గర "నాముమ్కిన్", పక్క తలుపు దగ్గర జవాబు. ఈ రెండు తలుపుల మధ్య దాదాపు పదకొండు వందల ఏళ్ళ ప్రయాణం ఉంది.

బగ్దాద్‌లో పది దిర్హమ్‌లు

ఖలీఫా మామూన్ కాలం, అంటే 813 నుంచి 833 మధ్య. బగ్దాద్‌లోని బైతుల్ హిక్మాలో ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ ఒక కితాబ్ రాశాడు. 'అల్ జబ్ర్ వల్ ముకాబలా' అనే ఆ పేరులోంచే ఆల్జీబ్రా అనే మాట వచ్చింది. ఎందుకు రాస్తున్నాడో ఆయనే ముందుమాటలో చెప్పుకున్నాడు. విరాసత్ పంపకాలు, వసియ్యత్‌లు, వ్యాపారం, భూముల కొలతలు, కాలువల తవ్వకం, ఇలా జనానికి రోజూ పనికొచ్చే లెక్కలు. కితాబ్‌లో పెద్ద భాగం విరాసత్ లెక్కలే. చనిపోయినవాడి తర్కాలో భార్యకెంత, కూతురికెంత, వసియ్యత్ ఉంటే ముందు ఎంత తీయాలి అనే హిసాబ్. మన ఇళ్ళలో ఇవాళ్టికీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు మాట్లాడుకోవడం మానేసేది ఈ హిస్సాల దగ్గరే కదా.

ఆయనకు ఇప్పటిలాంటి గుర్తులు లేవు. అంతా మాటల్లోనే. తెలియని సంఖ్యను 'షై' అన్నాడు, అంటే వస్తువు. దాని వర్గం 'మాల్', అంటే సొమ్ము. వర్గానికి మూలం 'జజర్', అంటే చెట్టు వేరు. మామూలు సంఖ్యలు దిర్హమ్‌లు. లాటిన్‌వాళ్ళు జజర్‌ను తర్జుమా చేసి తమ భాషలో వేరు అనే మాటే పెట్టుకున్నారు. ఇంగ్లీషు రూట్, తెలుగు మూలం అన్నీ అదే వేరు.

ఆయన ఇచ్చిన ఒక లెక్క చూడండి. పదిని రెండు హిస్సాలు చేశాను, ఒకదాన్ని ఇంకోదానితో గుణిస్తే 21 వచ్చింది. ఆ హిస్సాలెంత? ఆయన తరీఖా ఇది: పదిలో సగం 5. దాన్ని దానితో గుణిస్తే 25. అందులోంచి 21 తీసేస్తే 4. నాలుగుకు జజర్ 2. ఐదులోంచి రెండు తీస్తే 3, కలిపితే 7. హిస్సాలు 3, 7. ఏ లెక్క ఇచ్చినా ఇవే మెట్లు ఎక్కాలి. తెలివైనవాడు ఎక్కినా, మామూలు గుమాస్తా ఎక్కినా జవాబు ఒకటే వస్తుంది. ఇలా మెట్లు మెట్లుగా రాసే పద్ధతికి ఇవాళ కంప్యూటర్‌వాళ్ళు వాడే మాట అల్గారిథమ్. హిందుస్తానీ అంకెల మీద ఖ్వారిజ్మీ రాసిన మరో కితాబ్ లాటిన్‌లోకి వెళ్ళినప్పుడు ఆయన పేరును వాళ్ళు 'అల్గోరిట్మి' అని పలికారు. అదే ఈ మాటకు మూలం. మనం ఫఖర్‌గా చెప్పుకోగలిగింది ఇక్కడిదాకా పూర్తిగా నిజం.

నాకు ఇంతకన్నా నచ్చేది తర్వాతి వాక్యం. సగాన్ని దానితో గుణించినప్పుడు వచ్చినది దిర్హమ్‌లకన్నా తక్కువైతే ఆ మస్అలా ముస్తహీల్, అంటే అసాధ్యం, అని ఆయన స్పష్టంగా రాసి పెట్టాడు. ఉదాహరణకు 21 బదులు 40 అనుకోండి. 25లోంచి 40 తీయాలి. −15 వస్తుంది. దానికి జజర్ కావాలి. ఆయన అక్కడ ఆగాడు. తరీఖా ఎక్కడిదాకా పనిచేస్తుందో, ఎక్కడ చేయదో హద్దు గీసి చూపించాడు. మ్యాత్ లైబ్రరీ ఇచ్చే 'వాల్యూ ఎర్రర్' సరిగ్గా ఈ వాక్యమే.

ఆగింది ఆయనొక్కడే కాదు. అదే శతాబ్దంలో, 850 ప్రాంతంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు 'గణితసార సంగ్రహం' రాశాడు. రుణ సంఖ్య స్వభావరీత్యా ఏ సంఖ్యకూ వర్గం కాదు, కాబట్టి దానికి వర్గమూలం లేదు అన్నాడాయన. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చాడు. మన తెలుగులో లెక్కల పుస్తకాల చరిత్ర అక్కడే మొదలవుతుంది. బగ్దాద్‌లో ఒకరు, దక్కన్‌లో ఒకరు, ఒకరినొకరు ఎరగకుండానే ఒకే గోడ దగ్గర నిలబడి ఒకే మాట చెప్పారు.

అదే పది, ఈసారి నలభై

12వ శతాబ్దంలో స్పెయిన్‌లో ఖ్వారిజ్మీ కితాబ్ లాటిన్‌లోకి తర్జుమా అయింది. 1145లో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ చేశాడు, తర్వాత తులైతులాలో, అంటే టొలీడోలో, జెరార్డ్ ఆఫ్ క్రెమోనా చేశాడు. అక్కడి నుంచి ఇటలీ వర్తకుల లెక్కల బడుల్లోకి చేరింది. ఈలోగా మన ఉమర్ ఖయ్యామ్ ఘన సమీకరణాలను రేఖాగణితంతో పరిష్కరించాడు. రుబాయీల ఖయ్యామ్‌ను అందరం ఎరుగుదుం. లెక్కల ఖయ్యామ్‌ను తలుచుకునేవాళ్ళు తక్కువ.

1545లో మిలాన్ హకీమ్ జిరోలామో కార్డానో 'ఆర్స్ మాగ్నా' అనే పుస్తకం అచ్చువేశాడు. అందులో ఒక లెక్క: పదిని రెండు హిస్సాలు చేయి, గుణిస్తే 40 రావాలి. అంటే ఖ్వారిజ్మీ లెక్కే, 21 స్థానంలో 40. ఆయన ముస్తహీల్ అన్న చోట కార్డానో ఆగలేదు. అవే మెట్లు ఎక్కుతూ పోయి జవాబు రాశాడు: 5 + √−15, 5 − √−15. గుణించి చూడండి. 25, దానికి 15 కలుస్తుంది, 40. హిసాబ్ సరిపోయింది! కానీ కార్డానోకే నమ్మకం కుదరలేదు. ఇది ఎంత సూక్ష్మమో అంత పనికిరానిది అన్న ధోరణిలో రాసి వదిలేశాడు.

పనికొస్తుందని చూపించినవాడు రఫాయెల్ బొంబెల్లి. చిత్తడి నేలల్లో నీళ్ళు తోడించే ఇంజినీరు. 1572లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన ఒక ఘన సమీకరణం తీసుకున్నాడు. ఒక సంఖ్య ఘనం, ఆ సంఖ్యకు 15 రెట్ల మీద 4 ఎక్కువ. జవాబు 4 అని కళ్ళకు కనిపిస్తూనే ఉంది: 64 అంటే 60 మీద 4. కానీ సూత్రం ప్రకారం పోతే మధ్యలో 2 + √−121, 2 − √−121 అనే వాటికి ఘనమూలాలు కావాలి. బొంబెల్లి భయపడకుండా ఆ వింత సంఖ్యలను కలపడానికి, గుణించడానికి నియమాలు రాసుకున్నాడు. ఆ ఘనమూలాలు 2 + √−1, 2 − √−1 అని తేల్చాడు. రెండూ కలిపితే వింత భాగాలు ఒకదానికొకటి కొట్టుకుపోయి 4 మిగిలింది. నిజమైన సవాల్, నిజమైన జవాబు. మధ్యలో దాటాల్సిన వంతెన మాత్రం 'అసాధ్యమైన' సంఖ్యలతో కట్టింది.

తర్వాత 1637లో దెకార్త్ వీటికి కల్పితం, అంటే ఖయాలీ, అని పేరు పెట్టాడు. మెచ్చుకుంటూ పెట్టిన పేరు కాదది. అయినా పేరు ఉండిపోయింది. 18వ శతాబ్దంలో ఆయిలర్ √−1కి ఐ అనే అక్షరం ఇచ్చాడు.

ఈ సంఖ్యలకు ఇల్లు దొరికింది మాత్రం బొమ్మతో. 1799లో వెస్సెల్, 1806లో ఆర్గాండ్ ప్రచురించిన ఆలోచన ఇది. పడమటికి ముఖం పెట్టి నిలబడండి. −1తో గుణించడమంటే పూర్తిగా వెనక్కి తిరగడం, తూర్పుకు. రెండుసార్లు చేస్తే మళ్ళీ పడమరే. మరి రెండుసార్లు చేస్తే 'వెనక్కి తిరగడం' అయ్యే పని ఏమిటి? పావు తిరుగుడు. ఒకసారి పక్కకు, ఇంకోసారి అటే పక్కకు. ఆ పావు తిరుగుడే √−1. గీత మీద మాత్రమే ముందుకూ వెనక్కూ నడిచేవాడికి అది నాముమ్కిన్. మైదానంలో నిలబడ్డవాడికి మామూలు సంగతి. గాస్ 1831లో ఈ మైదానపు సంఖ్యలకు ఇచ్చిన పేరునే మన తెలుగు పుస్తకాలు సంకీర్ణ సంఖ్యలు అంటున్నాయి.

జ్యా, జేబు, సైన్

వర్గమూలం ఒక్కటే కాదు, సైన్, కొసైన్, లాగరిథమ్, ఘాతాంకం, ఈ ఫంక్షన్లన్నీ ఆ మైదానంలో పనిచేస్తాయని చూపినవాడు ఆయిలర్. 1748 నాటి ఆయన పుస్తకంలో సైన్, కొసైన్, ఘాతాంకం మూడూ ఒకే సూత్రంలో కట్టేసి ఉన్నాయి.

సైన్ అనే ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. వృత్తం పాఠంలో మన తెలుగు పిల్లలు 'జ్యా' నేర్చుకుంటారు, అంటే వింటి నారి. సంస్కృతంలో జ్యా, జీవా. అది అరబ్బీలోకి వెళ్ళి 'జీబా' అయింది. అరబ్బీ రాతలో హ్రస్వ అచ్చులు కనిపించవు కాబట్టి దాన్ని 'జైబ్' అని చదువుకున్నారు. జైబ్ అంటే చొక్కా ముందరి మడత. మన ఉర్దూ 'జేబ్', తెలుగు జేబు అదే మాట. లాటిన్ అనువాదకులు ఆ మడతకు తమ భాషలో ఉన్న 'సైనస్' పెట్టారు. అది సైన్ అయింది. ఇవాళ ఏ లైబ్రరీలో సైన్ ఫంక్షన్ పిలిచినా ఉజ్జయిని, బగ్దాద్, తులైతులా మూడూ ఆ ఒక్క మాటలో పలుకుతాయి. ఇది హమారా, అది తుమ్హారా అని గీత గీయడానికి ఎక్కడా సందు దొరకదు.

యంత్రం చేతికి

1940 జనవరిలో న్యూయార్క్‌లోని బెల్ ల్యాబ్స్‌లో జార్జ్ స్టిబిట్జ్ తయారు చేసిన ఒక యంత్రం పని మొదలుపెట్టింది. దాని పేరే సంకీర్ణ సంఖ్యల కంప్యూటర్. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో టకటకమనే రిలేలతో కట్టింది. దూరాలకు మాట మోసే తీగల్లో కరెంటు అలలుగా వస్తుంది. అల ఎంత ఎత్తు, ఎంత ముందు వెనక అనే రెండు సంగతులను ఒకే సంఖ్యలో పట్టేది సంకీర్ణ సంఖ్యే. ఆ గుణకారాలు, భాగహారాలు చేత్తో చేయలేక యంత్రం కట్టుకున్నారు. అదే ఏడాది సెప్టెంబర్ 11న హానోవర్ ఊళ్ళో గణిత సభ జరిగింది. స్టిబిట్జ్ అక్కడ టెలిటైప్ పెట్టి, న్యూయార్క్‌లోని యంత్రానికి టెలిఫోన్ తీగ మీద లెక్క పంపి జవాబు తెప్పించాడు. దూరాన ఉన్న కంప్యూటర్‌తో మనిషి మాట్లాడిన తొలి ప్రదర్శన అది. అందులో పోయిన లెక్క కార్డానో పనికిరాదన్న సంఖ్యలది.

1966 నాటి ఫోర్ట్రాన్ ప్రమాణంలో సంకీర్ణ సంఖ్యలకు ప్రత్యేక రకమే ఉంది. వాటి వర్గమూలం, ఘాతాంకం, లాగరిథమ్, సైన్, కొసైన్ లెక్కించే ఫంక్షన్లూ ఉన్నాయి. సీ భాషలోకి ఇవి 1999 ప్రమాణంతో వచ్చాయి. పైథాన్ ఐ బదులు జె రాస్తుంది. అది ఎలక్ట్రికల్ ఇంజినీర్ల అలవాటు, ఐ అక్షరం వాళ్ళకు కరెంటుకు కావాలి.

ఏ జవాబు అసలు జవాబు?

ఇక్కడే అసలు చిక్కు. మైదానంలోకి వచ్చాక సవాల్‌కు జవాబు లేకపోవడం పోయింది. జవాబులు ఎక్కువైపోయాయి. ప్రతి సంఖ్యకు రెండు వర్గమూలాలు, మూడు ఘనమూలాలు (సిఫర్ ఒక్కటే మినహాయింపు). లాగరిథమ్ సంగతి ఇంకా విచిత్రం. 1712, 1713లలో లైబ్నిజ్, యోహాన్ బెర్నూలీ −1కి లాగరిథమ్ ఎంత అని ఉత్తరాల్లో వాదించుకున్నారు, తేలలేదు. 1749లో ఆయిలర్ తీర్పు చెప్పాడు: ఒకటి కాదు, లెక్కలేనన్ని. మైదానంలో ఎన్ని చుట్లు తిరిగి వచ్చినా నిలబడే చోటు ఒకటే, చుట్టు చుట్టుకూ ఒక జవాబు.

కానీ ఫంక్షన్ ఒక్క జవాబే తిరిగి ఇవ్వాలి. ఎలా? మన ఇళ్ళలో తెలిసిన సంగతే. ఒకే మనిషి ఆధార్‌లో మహమ్మద్, పదో తరగతి మెమోలో మొహమ్మద్, పాస్‌పోర్టులో ఎండీ. ఏదీ అబద్ధం కాదు. అయినా కౌంటర్ దగ్గర ఏదో ఒక రాతకు కట్టుబడాలి, లేకపోతే పని ఆగుతుంది. లైబ్రరీ కూడా ఒకదాన్ని ఎంచుకుని దానికి ప్రధాన విలువ అని పేరు పెడుతుంది. మిగతావి ఉన్నా ఇవ్వదు. సీమ్యాత్‌ను −1 లాగరిథమ్ అడిగితే పై జె ఒక్కటే ఇస్తుంది.

ఇది తెలియకపోతే పిల్లలు దెబ్బతింటారు. −8కి ఘనమూలం −2 అని స్కూల్లో నేర్చుకున్నాం. పైథాన్‌లో −8ని బ్రాకెట్లో పెట్టి మూడోవంతు ఘాతానికి ఎత్తితే 1 + 1.732జె దగ్గర జవాబు వస్తుంది. తప్పు కాదు, మూడు ఘనమూలాల్లో ప్రధానమైనది అదే. అలాగే √−1ని √−1తో గుణిస్తే −1. స్కూలు సూత్రం ప్రకారం రెండింటినీ ఒకే మూలం కింద కలిపేస్తే √1, అంటే 1. పాత ఇంటి సూత్రాలన్నీ కొత్త ఇంట్లో చెల్లవు.

ఒకదాన్ని ఎంచుకున్నాక ఎక్కడో ఒక గీత దగ్గర జవాబు ఉన్నట్టుండి ఒక వైపు నుంచి ఇంకో వైపుకు దూకుతుంది. వర్గమూలానికి, లాగరిథమ్‌కు ఆ గీత మన్ఫీ సంఖ్యల గీతే. మరి సరిగ్గా ఆ గీత మీదే నిలబడితే? 1987లో విలియం కాహన్ దీని మీద ఒక వ్యాసం రాశాడు. పేరులోనే షేక్‌స్పియర్ నాటకం మీద చమత్కారం, సిఫర్ గుర్తు గురించి ఇంత రచ్చా అని. ఆయన ముఖ్యపాత్ర వహించిన 1985 నాటి కంప్యూటర్ అంకెల ప్రమాణంలో సిఫర్‌కు కూడా గుర్తు ఉంటుంది: ముస్బత్ సిఫర్, మన్ఫీ సిఫర్. విలువ ఒకటే. కానీ గీతకు పై వైపు నుంచి వచ్చామా, కింది వైపు నుంచి వచ్చామా అనేది ఆ గుర్తు మోస్తుంది. సీమ్యాత్‌లో −4కి ఖయాలీ భాగంగా ముస్బత్ సిఫర్ పెడితే వర్గమూలం 2జె. మన్ఫీ సిఫర్ పెడితే −2జె. ఆ గుర్తును పారేస్తే ద్రవాల ప్రవాహం లాంటి లెక్కల్లో గీతలు తప్పు చోట్లకు పోతాయని కాహన్ చూపించాడు. ఏమీ లేదని మనం కొట్టిపారేసే సిఫర్ ఏ వైపు నుంచి వచ్చిందో గుర్తుపెట్టుకోవాల్సి వచ్చింది.

మంచి లైబ్రరీ ఈ సంగతి దాచదు. ఏ ఫంక్షన్‌కు గీత ఎక్కడుందో, గీత మీద ఏ జవాబు ఇస్తుందో సీమ్యాత్ పత్రాల్లో రాసి ఉంటుంది. ఖ్వారిజ్మీ చేసిన పని ఇదే. తరీఖా చెప్పాడు, హద్దూ చెప్పాడు. ఆయన గీసిన హద్దు స్పష్టంగా ఉండబట్టే ఎక్కడ దాటాలో తర్వాతివాళ్ళకు తెలిసింది. ఇల్మ్ ఇలా చేతులు మారుతూ వచ్చిన సిల్‌సిలా. బగ్దాద్ కడియం తీసేస్తే గొలుసు తెగుతుంది. మిలాన్ కడియం తీసేసినా తెగుతుంది.

ఇది ఇంత పొడవుగా రాయడానికి ఒక కారణం ఉంది. ఉర్దూ మీడియం నుంచి ఇంగ్లీషు ఇంజినీరింగ్ కాలేజీలోకి వెళ్ళిన పిల్లలు చాలామంది మొదటి సెమిస్టర్‌లోనే లెక్కలంటే కుంగిపోతారు. నేర్చుకున్న మాటలన్నీ అక్కడ చెల్లని నోట్లలా అనిపిస్తాయి. క్లాసులో రూట్ అంటుంటే తమ దగ్గరున్న జజర్‌ను బయటికి తీయడానికి సిగ్గుపడతారు. మరోవైపు ఇంట్లో "అంతా మనవాళ్ళే కనిపెట్టారు" అనే ఫార్వర్డ్. ఆ ఫఖర్ పరీక్ష హాల్లో పనికిరాదు, ఆ సిగ్గుకు ఆధారం లేదు. ఇంగ్లీషు రూట్ తర్జుమా అయింది మన జజర్ నుంచే.

ఈ ఆదివారం పిల్లలను కూర్చోబెట్టి పదిని రెండు హిస్సాలు చేయమనండి, గుణిస్తే 21 రావాలని. తర్వాత 24, 25. ఆపైన 40 అడగండి. నాముమ్కిన్ అంటారు. ఎందుకు నాముమ్కినో కాగితం మీద చూపించమనండి. అది చూపించగలిగితే ఖ్వారిజ్మీ పాఠం వచ్చినట్టే. అప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి సీమ్యాత్‌ను −15 జజర్ అడిగి, వచ్చిన జవాబును ఐదుకు ఒకసారి కలిపి, ఒకసారి తీసేసి, రెండింటినీ గుణించి చూడమనండి. దశాంశాల చివర ఒక అంకె అటూ ఇటూ అయినా 40 వస్తుంది.